బారులు తీరిన బిలాలు

కంటికి వరుస అంటే ఒక మోజు. వాకిట్లో చెదురుమదురుగా పడిన చినుకుల గుంటలను మనం పట్టించుకోము. అవే గుంటలు గీత గీసినట్లు బారుగా కనిపిస్తే వెంటనే తల పైకెత్తి ఇంటి చూరు వైపు చూస్తాము. చూరునీళ్ళు పడి పడి నేలను తొలిచాయని అర్థమవుతుంది. ఒంటరి గుంట దేనివల్లనైనా ఏర్పడి ఉండవచ్చునని సరిపెట్టుకొనే మనస్సు, బారులు తీరిన గుంటలను చూసినప్పుడు మాత్రం సరిపెట్టుకోదు. వీటన్నిటికీ ఒకే కారణం ఉండి తీరాలని పట్టుబడుతుంది.

చంద్రుని మీద, అంగారకుని మీద, గురుగ్రహపు ఉపగ్రహాల మీద పూసలు గుచ్చినట్లు వరుసగా నిలిచిన బిలాలు ఉన్నాయి. శాస్త్రజ్ఞులు వీటిని ‘కాటెనా’ అంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు గొలుసు అని అర్థం. పేరు ఒకటే గాని వాటి పుట్టుక ఒకటి కాదు. వాటిలో ఒక రకం ఎలా పుట్టిందో పద్నాలుగేళ్ళపాటు ఎవరికీ అంతుపట్టలేదు. ఆ తరువాత పదహారు నెలల వ్యవధిలో దాని రహస్యాన్ని లోకమంతా కళ్ళారా చూసింది. ఆ చూసినవారిలో నేనూ ఉన్నాను కనుక ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

నేను ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించేవాడిని. మా ప్రయోగశాలలో మూడంగుళాల కటకం గల చిన్న దుర్భిణి ఒకటి ఉండేది. శుక్లపక్షంలో నవమి, దశమి తిథులలో విద్యార్థులను మేడ మీదికి పిలిచి చంద్రుణ్ణి చూపించడం నాకు అలవాటు. పున్నమినాటి చంద్రుడు చూడడానికి అందగాడే గాని, దుర్భిణికి పనికిరాడు. సూర్యకాంతి నిట్టనిలువుగా పడి నీడలన్నీ మాయమవుతాయి. నవమినాడు వెలుగుచీకట్ల సరిహద్దు దగ్గర ఏటవాలు కాంతిలో ప్రతి గుంటా తన నీడతో సహా స్పష్టంగా నిలుస్తుంది. ఆ రోజులలో కోపర్నికస్, ఎరటోస్తనీస్ అనే రెండు పెద్ద బిలాల నడుమ చిన్న చిన్న గుంటలు బారులుగా కనిపిస్తాయి. వాటి కథ సులభమైనది. కోపర్నికస్ 93 కిలోమీటర్ల వెడల్పు గల బిలం. సుమారు 80 కోట్ల సంవత్సరాల క్రితం ఒక గ్రహశకలం అక్కడ ఢీకొన్నప్పుడు ఎగిరిన రాళ్ళు, మట్టిగడ్డలు దూరాన మళ్ళీ నేలమీద పడి ఈ గుంటలను తవ్వాయి. బురదమడుగులో బండరాయి వేస్తే బురద చుట్టూ సమంగా పడదు, చారలు చారలుగా చిందుతుంది గదా! ఇదీ అంతే. ఇవి తల్లిబిలానికి పుట్టిన పిల్లబిలాలు. ఇవి లోతు తక్కువగా, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వంకరటింకరగా ఉంటాయి. వాటి బారును వెనుకకు పొడిగిస్తే తల్లి దగ్గరకు చేరుతాము.

రెండవ రకానికి ఆకాశం నుండి ఏదీ పడనక్కరలేదు. ధాన్యపు గాదె అడుగున తూము తెరిస్తే పైన ఉన్న ధాన్యం నడుమ గరాటులా కుంగుతుంది. నేల అడుగున పొడవైన పగులు ఏర్పడితే పైనున్న వదులు మట్టి అందులోకి జారి, పగులు పొడవునా అటువంటి గరాటులే వరుసగా ఏర్పడతాయి. అంగారకునిపై థార్సిస్ అనే ఉన్నత ప్రాంతంలో ఇవి విస్తారంగా ఉన్నాయి. లావా ప్రవహించి ఖాళీ అయిన సొరంగాల కప్పు అక్కడక్కడ కూలినా ఇటువంటి వరుసే మిగులుతుంది. 2008లో శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-1 పంపిన చిత్రాలలో, ఇంకా కప్పు కూలని అటువంటి లావా సొరంగం ఒకదానిని అహ్మదాబాదు శాస్త్రజ్ఞులు గుర్తించారు. కూలిన గుంటకూ గుద్దిన గుంటకూ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. గుద్దినప్పుడు లోపలి మట్టి ఎగిరి అంచున గట్టులా పేరుకొంటుంది. కుంగిన గుంటకు గట్టు ఉండదు.

ఈ రెండు వివరణలతో కథ ముగిసి ఉంటే ఇంత చెప్పవలసిన పని లేదు. 1979లో వాయేజర్ నౌకలు రెండు గురుగ్రహం పక్కగా సాగిపోతూ దాని ఉపగ్రహాలను చిత్రించాయి. వాటిలో కాలిస్టో అనేది మంచు, రాయి కలిసిన లోకం. దాని ఒళ్ళంతా బిలాలే. వాటి మధ్య కొన్నిచోట్ల కొలబద్ద పెట్టి గీసినంత సూటిగా బిలాల గొలుసులు కనిపించాయి. వాటిలో పెద్దదానికి ‘గిపుల్’ అని ఉత్తర యూరప్ పురాణాలలోని ఒక నది పేరు పెట్టారు. దాని పొడవు సుమారు 600 కిలోమీటర్లు, అంటే హైదరాబాదు నుండి విశాఖపట్నానికి రోడ్డు దారి ఎంతో దాదాపు అంత. దానిలోని అతి పెద్ద బిలం వెడల్పు 40 కిలోమీటర్లు. పొరుగున ఉన్న గానిమీడ్ మీద కూడా ఇటువంటివి ఉన్నాయి. రెండింటి మీదా కలిపి పదికి పైగా లెక్కకు వచ్చాయి.

ఇవి పిల్లబిలాలా? అయితే తల్లి ఎక్కడ? బారును రెండువైపులా పొడిగించి చూసినా తగిన పెద్ద బిలం కనిపించలేదు. కుంగిన గుంటలా? అన్నిటికీ అంచున గట్లు ఉన్నాయి, గుండ్రని ఆకారం ఉంది. చెరువులో విసిరిన చిల్లపెంకు నీటిని తాకుతూ తాకుతూ పోయినట్లు ఒకే రాయి ఎగిరెగిరి పడిందా? సెకనుకు పది కిలోమీటర్లకు మించిన వేగంతో వచ్చే వస్తువు మొదటి దెబ్బకే ఛిన్నాభిన్నమవుతుంది, రెండవ గంతు వేయడానికి మిగలదు. దాదాపు సమాన పరిమాణం గల ఇరవై వస్తువులు బడిపిల్లల్లా వరుస తీరి వచ్చి పడ్డాయని ఊహించడం ఎవరికీ ధైర్యం కాలేదు. అటువంటి వరుసను ఆకాశంలో అంతవరకూ ఎవరూ చూడలేదు.

1993 మార్చి 23 రాత్రి అమెరికాలోని పాలోమర్ కొండ మీద యూజీన్ షూమేకర్, ఆయన భార్య కరోలిన్ షూమేకర్, వారి మిత్రుడు డేవిడ్ లెవీ తమ 18 అంగుళాల దుర్భిణితో ఆకాశాన్ని చిత్రిస్తున్నారు. వాతావరణం బాగా లేదు. దానికి తోడు ఒక పెట్టెలోని ఫిల్ముకు అంతకుముందే వెలుతురు తగిలి అంచులు పాడయ్యాయి. మబ్బు రాత్రి మంచి ఫిల్మును వృథా చేయడం ఎందుకని ఆ పాడైన ఫిల్మునే వాడారు. రెండు రోజుల తరువాత సూక్ష్మదర్శిని కింద ఆ చిత్రాలను పరిశీలిస్తున్న కరోలిన్‌కు గురుగ్రహం సమీపంలో ఒక వింత కనిపించింది. తోకచుక్క అంటే ఒక తల, ఒక తోక ఉండాలి. ఇది నలిపి చదును చేసినట్లు కడ్డీ ఆకారంలో ఉంది. కరోలిన్ గురించి ఒక మాట చెప్పాలి. పిల్లలు పెద్దవారైన తరువాత, యాభై ఏళ్ళు దాటిన వయస్సులో ఆమె ఈ పనిలోకి వచ్చింది. జీవితకాలంలో 32 తోకచుక్కలను కనుగొంది. చదువుకు వయస్సు అడ్డమనుకొనే పెద్దలకు నేను తరచు ఆమె పేరు చెబుతూ ఉంటాను.

పెద్ద దుర్భిణులు అటు తిరిగాయి. కడ్డీ అనుకున్నది కడ్డీ కాదు. ఒకే దారిన ఒకదాని వెనుక ఒకటిగా సాగుతున్న తోకచుక్క ముక్కలు! మొత్తం ఇరవై ఒకటి వరకు లెక్కించారు. దానికి షూమేకర్-లెవీ 9 అని పేరు వచ్చింది. గమనాన్ని వెనుకకు లెక్కకట్టగా రెండు సంగతులు బయటపడ్డాయి. ఇది సూర్యుని చుట్టూ గాక, కొన్ని దశాబ్దాలుగా గురుగ్రహం చుట్టూ తిరుగుతున్నది. 1992 జూలై 7న ఆ గ్రహపు మబ్బులకు దాదాపు 40,000 కిలోమీటర్ల ఎత్తున మాత్రమే దూసుకుపోయింది. ముక్కలైంది అప్పుడే.

ఎందుకు ముక్కలైంది? దీనికి జవాబు ఫ్రాన్సు దేశపు ఎడ్వార్డ్ రోష్ 1848లోనే చెప్పి ఉంచాడు. మన సముద్రానికి ఆటుపోట్లు కలిగించే బలమే ఇక్కడా పనిచేస్తుంది. గ్రహానికి దగ్గరగా ఉన్న పక్కను గ్రహం ఎక్కువగా, దూరపు పక్కను కొంచెం తక్కువగా లాగుతుంది. దూరాన ఉన్నంతవరకు ఈ తేడా లెక్కలోకి రాదు. ఒక హద్దు దాటి దగ్గరకు వస్తే ఆ తేడా, వస్తువు తన్ను తాను పట్టి ఉంచుకొనే ఆకర్షణను మించిపోతుంది. ఆ హద్దునే రోష్ అవధి అంటారు. గట్టి బండరాయి అయితే దానిలోపల కూడా నిలదొక్కుకోగలదు. ఈ తోకచుక్క బండరాయి కాదు. పాకం చాలని బూందీ లడ్డూ వంటిది. మంచు, ధూళి, రాళ్ళు వదులుగా ఒకచోట చేరిన కుప్ప. వెడల్పు ఒకటిన్నర కిలోమీటర్ల ప్రాంతమని ఆ తరువాతి గణనలు తేల్చాయి. అది సాగి, విడిపోయి, విడిపోయిన రేణువులు తమలో తాము మళ్ళీ అక్కడక్కడ ముద్దలుగా చేరి, పూసల వరుసగా మారింది. ఎన్ని పూసలు ఏర్పడతాయన్నది ఆ కుప్ప ఎంత సాంద్రమైనదన్న దానిపై ఆధారపడుతుంది. కనుక పూసలను లెక్కపెట్టడమంటే ఒక రకంగా ఆ తోకచుక్కను తూకం వేయడమే.

ఈ వార్త వెలువడగానే జే మెలోష్, పాల్ షెంక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకు వాయేజర్ చిత్రాలు గుర్తుకు వచ్చాయి. కాలిస్టో మీది గొలుసులు ఇటువంటి తోకచుక్కల పనేనని 1993లోనే వారు ప్రకటించారు. వారి వాదంలో నాకు ఎంతో నచ్చిన అంశం ఒకటుంది. కాలిస్టో, గానిమీడ్ మన చంద్రుని వలె ఎల్లప్పుడూ ఒకే ముఖాన్ని తమ గ్రహం వైపు ఉంచుతాయి. ఈ గొలుసులు ఎక్కువగా ఆ ముఖం మీదనే ఉన్నాయి. దూరం నుండి వచ్చి పడే తోకచుక్కలకు ఈ పక్షపాతం ఉండవలసిన పని లేదు. గ్రహం దగ్గర ముక్కలై, అక్కడినుండి బయటికి పరుగెత్తుతున్నవి మాత్రమే ఉపగ్రహాన్ని గ్రహం వైపు నుండి ఢీకొంటాయి. నేను చిన్న లెక్క వేసి చూశాను. గురుగ్రహాన్ని ఒరుసుకొని వెళ్ళిన వస్తువు గానిమీడ్ దూరాన్ని, అంటే 10 లక్షల 70 వేల కిలోమీటర్లను, చేరడానికి సుమారు సగం రోజు పడుతుంది. కాలిస్టో 18 లక్షల 80 వేల కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడికి ఒక రోజుకు కొంచెం ఎక్కువ. ఆ వ్యవధిలో ముక్కలు ఎంతో చెదరవు. వరుస పొడవు కొన్ని వందల కిలోమీటర్లకు మించదు. అందుకే గిపుల్ వంటి గొలుసు మొత్తం కొద్ది నిమిషాలలో తయారయి ఉండాలి. కోట్ల సంవత్సరాలు నిలిచిన ఆ గుర్తు పుట్టడానికి పట్టిన సమయం మనం ఒక గ్లాసు మజ్జిగ తాగే సమయం కంటే అంతగా ఎక్కువ కాదు!

షూమేకర్-లెవీ 9 ముక్కలకు ఆ దారిలో ఏ ఉపగ్రహమూ అడ్డు తగలలేదు. అవి ఇంకొక చుట్టు తిరిగి వచ్చాయి. ఈలోగా వాటి మధ్య ఎడం లక్షల కిలోమీటర్లకు పెరిగింది. అవి 1994 జూలైలో గురుగ్రహం మీదనే పడతాయని బ్రయాన్ మార్స్‌డెన్ ఏడాదికి ముందే, 1993 మే నెలలో లెక్క వేసి ప్రకటించాడు. జూలై 16 మొదలు 22 వరకు అవి సెకనుకు 60 కిలోమీటర్ల వేగంతో ఒకటొకటిగా పడ్డాయి. పది గంటలలోపే తన చుట్టూ తాను తిరిగే గ్రహం కనుక, దెబ్బలు ఒకేచోట గాక దక్షిణార్ధ గోళంలో పట్టీలా పరచుకొన్నాయి. ముక్కలకు ఇంగ్లీషు అక్షరాల పేర్లు పెట్టారు. వాటిలో 18న పడిన ‘జి’ ముక్క చేసిన నల్లని మచ్చ భూగోళమంత వెడల్పు ఉంది.

మా ఊరిలో ఆ వారమంతా ముసురు. పత్రికలలో చిత్రాలు వస్తున్నాయి గాని, మా మేడ మీద నుండి మబ్బు తప్ప ఏమీ కనబడదు. 20వ తేదీ దాటిన తరువాత ఒక సాయంత్రం పడమటి గాలికి ఆకాశం కాస్త విచ్చుకొంది. దుర్భిణిని మేడ మీదికి చేర్చేసరికి పదిహేనుమంది పిల్లలు పోగయ్యారు. చదువు రాని మా కాపలాదారు కూడా వెనుక నిలబడ్డాడు. అతనిని ముందుగా చూడమన్నాను. కన్ను ఆనించి చాలాసేపు కదలలేదు.

“ఏం కనబడింది తాతా?” అన్నాను.

“దోరజామకాయకు పుచ్చు పట్టినట్టు, కింద నల్లమచ్చలు ఉన్నాయి సారూ!” అన్నాడు.

ఆ రాత్రి అంతకంటె చక్కని వర్ణన మరొకటి వినలేదు. తరువాత చూసిన ఒక విద్యార్థిని దుర్భిణి నుండి కన్ను తీయకుండానే, “సార్, ఆ ముక్కలు మన భూమి మీద పడి ఉంటే?” అని అడిగింది. “నాలుగు వందల ఏళ్ళుగా మనుషులు దుర్భిణులతో ఆకాశాన్ని చూస్తున్నారమ్మా. ఒక గ్రహాన్ని మరొకటి ఢీకొట్టడం ముందుగా తెలిసి చూడడం ఇదే మొదలు,” అన్నాను. అది ఆమె ప్రశ్నకు సమాధానం కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మళ్ళీ మబ్బు కమ్మింది.

ఆమె ప్రశ్నకు సంబంధించిన పరిశోధన అదే 1994లో వచ్చింది. చంద్రుని ముఖం నడుమ ‘డేవీ’ అనే బిలాల గొలుసు ఉంది. సుమారు 50 కిలోమీటర్ల బారులో ఇరవైకి పైగా చిన్న బిలాలు ఉంటాయి. పగులు వెంట లేచిన అగ్నిపర్వతపు నోళ్ళని కొందరు భావించినందున, అపోలో యాత్రికులను దింపడానికి ఆలోచించిన స్థలాలలో అది కూడా ఉండేది. మెలోష్, ఎవెన్ వైటేకర్ దానిని కొత్త దృష్టితో పరిశీలించారు. అబుల్ఫెదా అనే మరొక పొడవైన గొలుసును కూడా చూశారు. ఈ రెండూ చంద్రుని మనవైపు ముఖం మీదనే ఉన్నాయి. వదులు గ్రహశకలాలు ముక్కలై చంద్రుణ్ణి ఢీకొనడం వల్ల ఇవి ఏర్పడ్డాయని వారు ప్రతిపాదించారు. ముక్కలు చేసింది ఎవరు? గురుగ్రహం కాదు, మన భూమి! ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు కూర్చుండిపోయాను. చిన్నప్పటి నుండి భూదేవిని ఓర్పుకు మారుపేరుగా విన్నవాళ్ళం. దారిన పోయే శకలాన్ని చీల్చి పక్కింటి మీదికి విసిరిన భూమిని ఊహించుకోవడానికి కొంత వ్యవధి కావాలి.

చంద్రుని మీద గుర్తులు నిలిచాయంటే అక్కడ గాలి, వాన లేకపోవడమే కారణం. భూమికి తగిలిన దెబ్బలు తక్కువేమీ కాదు. వానలు వాటిని కడిగివేశాయి, నదులు పూడ్చాయి, ఖండాల కదలికలు మింగివేశాయి. మన పొరుగున మహారాష్ట్రలోని లోణార్ సరస్సు నిలిచి ఉందంటే అది భూమి వయస్సుతో పోల్చితే నిన్నమొన్నటిది కావడమే కారణం. 1.8 కిలోమీటర్ల వెడల్పు గల ఆ బిలం గట్టు మీద నిలబడినప్పుడు అందరూ నీళ్ళ వైపు చూస్తారు. నేను కాళ్ళ కింది గట్టును చూశాను. గుద్దిన గుంటకు గట్టు ఉంటుందని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే గ్రహశకలం భూమికి దాదాపు 32,000 కిలోమీటర్ల ఎత్తున పోనున్నది. అది మనను తాకదని లెక్కలు నిశ్చయంగా చెబుతున్నాయి. ముక్కలయ్యేంత దగ్గరకూ రాదు. దాని భ్రమణం మాత్రం భూమి ఆకర్షణకు లోనై కొంత మారవచ్చు.

యూజీన్ షూమేకర్ భూవిజ్ఞాని. అమెరికాలోని అరిజోనా బిలం అగ్నిపర్వతం పని కాదని, ఆకాశం నుండి పడిన దెబ్బ అని 1960 ప్రాంతంలో ఋజువు చేసినవారిలో ఆయన ముఖ్యుడు. గ్రహాలను బిలాలే తీర్చిదిద్దాయని చెబితే నమ్మనివారు ఆ రోజులలో ఎందరో! చంద్రుని మీద నడవాలని ఆయనకు తీరని కోరిక. అనారోగ్యం అడ్డుపడింది. వెళ్ళినవారికి శిలలను గుర్తించడం నేర్పి తృప్తిపడ్డాడు. 1997లో ఆస్ట్రేలియాలో బిలాలను పరిశీలించడానికి వెళ్ళి, జూలై 18న కారు ప్రమాదంలో మరణించాడు. సరిగ్గా మూడేళ్ళ క్రితం అదే తేదీన ‘జి’ ముక్క గురుగ్రహం మీద పడింది. ఆయన చితాభస్మంలో కొంత లూనార్ ప్రాస్పెక్టర్ నౌకలో చంద్రుని చేరింది. 1999 జూలై 31న ఆ నౌకను దక్షిణ ధ్రువం దగ్గర చంద్రుని నేలకు గుద్దించారు. కరోలిన్ 2021లో కన్నుమూసింది.

గానిమీడ్ మీద ‘ఎన్కి’ అనే గొలుసు ఉంది. 160 కిలోమీటర్ల పొడవులో పదమూడు బిలాలు. 1997లో గెలీలియో నౌక దానిని చిత్రించింది. సగం గొలుసు తెల్లని నేల మీద, సగం నల్లని నేల మీద పడింది. తెల్లనేల మీద బిలాల చుట్టూ చిమ్మిన మట్టి స్పష్టంగా కనిపిస్తుంది, నల్లనేల మీద అంతగా కనిపించదు. ఎందుకన్నది ఆ చిత్రంతో పూర్తిగా తేలలేదు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2023 ఏప్రిల్‌లో ప్రయోగించిన జ్యూస్ నౌక 2031లో గురుగ్రహాన్ని చేరి, 2034 చివర గానిమీడ్ చుట్టూ తిరగడం మొదలుపెట్టవలసి ఉంది. ఆనాడు మేడ మీద ప్రశ్న అడిగిన విద్యార్థిని ఇప్పుడు మరొక ఊరిలో భౌతికశాస్త్రం బోధిస్తున్నది. ఎన్కి కొత్త చిత్రాలు రాగానే పంపమని నాకు చెప్పి ఉంచింది.